చూసొస్తా మామయ్య కారు

చుట్టాలంతా ఆయన్ని ‘చూసొస్తా మామయ్య’ అనేవారు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన నోట వినబడే మాట అదే మరి. గ్యాస్ కట్టేశామో లేదో చూసొస్తా. గేటు గడియ పడిందో లేదో చూసొస్తా. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే, కంచం ముందు కూర్చున్నాక కూడా బయట చెప్పులున్నాయో లేదో చూసొస్తానని లేచేవాడు.

ఆ గుణం ఉద్యోగం పెట్టిన భిక్ష. ఆయన ఊరికి నీళ్లు పంపే పంపుహౌస్‌లో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. ప్రెషరు ముల్లు ఎక్కడుంది, మోటారు వేడెక్కిందా, ట్యాంకు ఎంతవరకు నిండింది, ఇవన్నీ గంటగంటకూ లేచి చూడటమే అక్కడ పని. తన డ్యూటీలో ట్యాంకు ఒక్కసారి కూడా ఎండలేదని గర్వంగా చెప్పుకునేవాడు. రిటైరయ్యాక మోటార్లు పోయాయి, చూసే అలవాటు మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇంటి మీద పెట్టాడు.

కోడలు కడుపుతో ఉందని తెలిసినప్పుడు ఇల్లంతా సంబరపడింది. నెలలు నిండుతుండగా చేసిన స్కానింగులో మాత్రం డాక్టరమ్మ ముఖం మారింది.

“మాయ బాగా కిందికి ఉంది. అమ్మాయి మంచం దిగకూడదు. నొప్పులొచ్చేదాకా ఆగొద్దు. కొంచెం రక్తం కనబడినా వెంటనే తీసుకొచ్చెయ్యండి. ఆలస్యమైతే ఇద్దరికీ కష్టం.”

ఆ ‘ఇద్దరికీ’ అన్న మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. కొడుకు కరెంటు టవర్లు నిలబెట్టే పనిలో ఊళ్లు తిరుగుతుంటాడు. సెలవు దొరికినప్పుడే ఇల్లు. ఈసారి వెళ్తూ తండ్రి చేతిలో కారు తాళం పెట్టి, “నువ్వున్నావనే ధైర్యం నాన్నా” అన్నాడు. కొడుకు ఆ ధైర్యంతో వెళ్లిపోయాడు. తండ్రికి ఉన్న కాస్త నిద్రా పోయింది.

వాళ్లది సన్నటి సందులో చివరి ఇల్లు. ఆ మధ్య పక్కింటి పెద్దావిడ పడిపోతే అంబులెన్సు సందు దొరక్క ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది. అందుకే ఆయన ఆశలన్నీ కారు మీదే పెట్టుకున్నాడు. పాత కారే అయినా మొరాయించేది కాదు. కోడలు పడుకునే మేడ గది కిటికీ కిందే, గోడ వారగా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే తాళం తిప్పితే కారు ‘టక్కు’మంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ టక్కు. ఆ తర్వాత అదీ లేదు.

సందు మొదట్లో షెడ్డున్న మెకానిక్ తన బండి తెచ్చి, వైర్లు తగిలించి, స్టార్ట్ చేయించాడు. “బ్యాటరీ దిగిపోయింది బాబాయ్. పాతదైపోయింది, మార్చెయ్యండి” అన్నాడు.

ఆ పూటే కొత్తది వేయించాడు. ఇంటికొచ్చి కోడలి గది గుమ్మంలో నిలబడి, “ఇంక భయం లేదమ్మా, కొత్త బ్యాటరీ” అని చెప్పాడు. కోడలు నవ్వింది. “నేనెక్కడ భయపడ్డాను మామయ్యా?” అంది.

వారం తిరక్కుండానే కొత్తదీ పడుకుంది.

ఈసారి మెకానిక్ కూడా తల గోక్కున్నాడు. ఎక్కడైనా కరెంటు కారిపోతోందేమోనని లోపలి లైట్లు చూశాడు, డిక్కీ చూశాడు, మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటరు కూడా శుభ్రంగా పనిచేస్తోంది. “అంతా బాగానే ఉంది బాబాయ్. ఎందుకు దిగుతోందో అంతుపట్టడం లేదు” అన్నాడు.

అంతుపట్టని జబ్బంటే ఆయనకు మరీ భయం. ఏ పని చేస్తున్నా మనసు కారు మీదే. స్నానానికి వెళ్లబోతూ ఆగేవాడు. పేపరు తెరిచి, చదవకుండానే మడిచేవాడు. కోడలు దగ్గితే మెట్లెక్కేవాడు, దగ్గకపోతే ఇంకా వేగంగా ఎక్కేవాడు. బ్యాటరీని ఎవరో మార్చేసి పోతున్నారని ఒక పూట, ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయని ఇంకో పూట అనుమానించాడు. చివరికి పాపం మెకానిక్ మీదే పడ్డాడు.

“నువ్వు నాకు వేసింది కొత్తదేనా?”

“బాబాయ్, అంత మాటనకండి” అన్నాడు మెకానిక్, చేతిలోని పానా కింద పెడుతూ. ఆ తర్వాత ఇద్దరూ ముఖముఖాలు చూసుకోకుండానే వైర్లు తగిలించారు.

భార్యకు విసుగొచ్చింది. “ఏమండీ, కడుపుతో ఉన్నది కోడలా, కారా? దాని చుట్టూ తిరిగే తిరుగుడు చూస్తే నాకే అనుమానంగా ఉంది.”

“నీకు నవ్వులాటగా ఉంది. ఆ టైముకి అది కదలకపోతే?”

ఆ భయం ఆవిడకూ ఉంది. పైకి చెప్పుకోలేదంతే.

మంచం దిగకూడని కోడలికి కిటికీయే లోకం. కింద కారు తలుపు తెరుచుకోవడం, ఇంజను ఒక్క క్షణం గుర్రుమని ఆగిపోవడం ఆమెకు రోజూ వినబడేది. మొదట్లో ఆ చప్పుడు ధైర్యంగా ఉండేది, మామయ్య కింద కాపలా ఉన్నాడని. ఒక మధ్యాహ్నం మాత్రం నిద్ర పట్టక వింటూ పడుకుంది. గుర్రుమంది, ఆగింది. కాసేపటికి మళ్లీ గుర్రుమంది, ఆగింది. పొద్దు వాలేలోగా ఇదే వరస. ప్రతిసారీ ఆ శబ్దం కొంచెం నీరసంగా వస్తోందని ఆమెకు తోచింది.

ఆమె మెకానిక్‌కి ఫోన్ చేసింది. “అన్నా, బండి స్టార్ట్ చేసి వెంటనే ఆపేస్తూ ఉంటే బ్యాటరీ దిగుతుందా?”

“దిగకేం? స్టార్ట్ చేసేటప్పుడే ఎక్కువ లాగేస్తుంది. బండి కాసేపు తిరిగితేనే అది మళ్లీ నిండుతుంది. అయినా అలా ఎవరు చేస్తారమ్మా?”

“ఇంకెవరు, మామయ్యే” అంది ఆమె. “ఓరి నాయనో” అన్నాడు మెకానిక్.

మామయ్యకు ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు. ఆయన పాలు తెచ్చిచ్చినప్పుడు గ్లాసు పక్కన పెట్టి, “మామయ్యా, ఒకసారి కూర్చోండి” అంది. కూర్చోమనగానే ఆయన ముఖం పాలిపోయింది.

“ఏమైందమ్మా? నొప్పా?”

“నాకేం కాలేదు. కారు సంగతి. అది స్టార్టవుతుందో లేదోనని మీరు మాటిమాటికీ చూస్తున్నారు కదా, దానివల్లే దిగిపోతోందట.”

ఆయన అర్థం కానట్టు చూశాడు. అర్థమవుతున్నకొద్దీ తల కిందికి వాలింది.

“అంటే ట్యాంకు నింపకుండా కుళాయి తిప్పుతూ కూర్చున్నానన్నమాట” అన్నాడు మెల్లగా. “ఇన్నాళ్లూ నీ ప్రాణం మీదికి తెస్తున్నది నేనేనా అమ్మా?”

“అయ్యో, అదేం మాట! నా కోసమే కదా చూశారు” అంది కోడలు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చూడలేదు. అప్పటికే లేచి మెట్లు దిగిపోతున్నాడు.

షెడ్డుకి వెళ్లి మెకానిక్ ముందు నిలబడ్డాడు. క్షమించమనడం చాతకాక, “టీ తాగావా?” అన్నాడు. మెకానిక్ నవ్వి స్టూలు జరిపాడు. రోజుకోసారి పెద్ద రోడ్డెక్కి ఆగకుండా ఓ అరగంట తిప్పుకు రండి, ఆ తర్వాత ముట్టుకోకండి అని చెప్పాడు.

చెప్పడం తేలికే. ముట్టుకోకుండా ఉండటమే నరకం. తాళాన్ని భార్యకిచ్చి దాచమన్నాడు. ఎక్కడ దాచావని అడిగాడు. చెప్పనంటే, అవసరానికి నీకైనా గుర్తుంటుందా అని పోట్లాడాడు. అంతకన్నా పెద్ద గండం ఇంకొకటి. కారు తిప్పాలంటే ఇంటికి దూరంగా వెళ్లాలి. సరిగ్గా ఆ అరగంటలోనే ఏదైనా జరిగితే? స్టీరింగు పట్టుకున్నంతసేపూ ఆయనకు ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. జేబులోని ఫోను మోగకముందే మోగినట్టనిపించేది.

ఒక ఉదయం నిజంగానే మోగింది.

పక్కకు ఆపి ఎత్తాడు. “వచ్చెయ్యండి” అంది భార్య. ఆ ఒక్క మాటే. గొంతు ఆవిడది కానట్టుంది.

ఆయన కారు వెనక్కి తిప్పుకుని, ఎవరెన్ని హారన్లు కొట్టినా పట్టించుకోకుండా వచ్చాడు. దారిలో ఒకటే జపం: ఇంజను ఆపకూడదు. సందులోకి దూరి, గేటు ముందు నిలిపి, హ్యాండ్‌బ్రేకు లాగి, తాళం తిప్పకుండానే పైకి పరుగెత్తాడు.

దుప్పటి మీద ఎర్రటి మరక చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. కోడలే ఆయన వైపు చూసి, “కారు నడుస్తోంది మామయ్యా, వినబడుతోంది. పదండి” అంది. భార్యాభర్తలిద్దరూ కుర్చీలో కూర్చోబెట్టి ఆమెను మెట్లు దించారు. భార్య ముందే ఫోన్ చేయడంతో మెకానిక్ సందు మొదట్లో నిలబడి అడ్డంగా వచ్చే బళ్లను ఆపుతున్నాడు. ఎవడో గొణిగితే “నోరు మూసుకో” అని కసిరాడు. కారు వాళ్ల పక్కనుంచి దూసుకుపోయింది.

ఆసుపత్రిలో కోడల్ని చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్లి తలుపు మూసేశారు. ఆయన తలుపు దగ్గరికి వెళ్లాడు. వెళ్లి కూర్చోమంది నర్సు. కూర్చున్నాడు. అక్కడ ఆయన తిప్పదగిన తాళం లేదు, తట్టి చూడదగిన మోటారు లేదు. భార్య చీర కొంగు ఆమె వేళ్ల మధ్య నలిగి ముద్దయింది. ఆయన ఆ చేతిమీద తన చెయ్యి వేశాడు. అలా ఎన్నాళ్లకు వేశాడో ఇద్దరికీ గుర్తులేదు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. “సమయానికి తెచ్చారు. ఆపరేషన్ చేశాం. ఆడపిల్ల.”

“మా అమ్మాయి?” అన్నాడు ఆయన.

“బాగుంది. రక్తం ఎక్కిస్తున్నాం.”

అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు బయటపడింది. పెద్దమనిషి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే భార్య మందలించబోయి తానూ ఏడ్చింది. సాయంత్రానికి కొడుకు లారీ ఎక్కి వచ్చాడు. ఒళ్లంతా దుమ్ముతో ఉంటే నర్సు గుమ్మంలోనే ఆపి, చేతులు కడుక్కుని రమ్మంది.

తల్లీ బిడ్డా ఇంటికొచ్చాక కూడా ఆయన ఉదయపు కారు ప్రయాణం మానలేదు. ఇప్పుడు భార్య కూడా పక్క సీట్లో ఎక్కుతుంది. పెద్ద రోడ్డు మీద చెట్ల వరస దాటేదాకా వెళ్లి, కూరగాయలు కొనుక్కుని తిరిగొస్తారు. దారి పొడుగునా ఆవిడ గేరు సరిగ్గా వెయ్యలేదనో, గుంట చూడలేదనో ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. ఆయన “ఊఁ” కొడుతూ నడుపుతాడు.