బావ కోసం ఎంచిన కథ

మొన్న శనివారం పొద్దున చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుని ఉంటే ఫోన్లో మా అక్క కూతురి గొంతు వచ్చింది. ఈ కాలం పిల్లలు ముక్క రాయరు, గొంతే పంపించేస్తారు. దానికి తమిళం వచ్చినంత ఒడుపుగా తెలుగు రాయడం రాదు కాబట్టి నాకూ అదే మేలు. గుమ్మిడిపూండిలో కాపురం, మొగుడికి అక్కడే ఫ్యాక్టరీలో పని. "పిన్నీ, మా ఆయన ఆదివారం గూడ ఫోను కింద పెట్టేది లేదు. పిల్లోళ్లతో కూర్చొని వినేదానికి దేవుని కథ ఒకటి చూసి పంపు. ఆయనకు బాగా తగిలేట్టు ఉండాల. అప్పుడు నువ్వు పెట్టిన కథ విని మా నాయన తాగుడు మానేసినాడు చూడు, అట్లాంటిది" అని చెప్పి నవ్వింది కూడా. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. పదిహేనేళ్లుగా ఆ మాట ఎవరన్నా నేను సిగ్గుతో చచ్చిపోతాను. ఎందుకంటే అది అబద్ధం. దాన్ని పుట్టించింది నేను కాదు గానీ, పెరగనిచ్చింది మాత్రం నేనే.

అప్పట్లో నేను తిరువళ్లూరులో టీచరుని. అక్కను తిరుత్తణిలో ఇచ్చారు, అమ్మ కూడా అక్కడే ఉండేది. ఆదివారం ఆరాధన అవగానే నేనూ మావారూ రైలెక్కి అక్క ఇంట్లో దిగిపోయేవాళ్లం. భోజనాలయ్యాక అందరం చాప పరుచుకుని ఒక దేవుని సినిమా చూడడమో, ఒక నాటకం వినడమో చేసేవాళ్లం. సీరియళ్లు చూసి పిల్లలు పాడైపోతున్నారని అక్కవాళ్ల సంఘం పాస్టరు అయ్యగారు పెట్టిన అలవాటది. ఏది పెట్టాలో ఎంచే పని నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే లాక్కున్నాను. వారమంతా ఒక్కొక్కటే విని, చూసి, నోటుపుస్తకంలో ఎర్ర పెన్నుతో మార్కులు వేసేదాన్ని. కొరడా దెబ్బలు ఎన్నో నిమిషంలో వస్తాయో, రాజుగారి ముందు పిల్ల నాట్యం ఎన్నో నిమిషంలో వస్తుందో రాసుకుని, సరిగ్గా అక్కడికి రాగానే రిమోట్ నొక్కేసేదాన్ని. నా పుణ్యమా అని అక్క కూతురు ఆ సినిమాలో రాజు తల నరికించిన ప్రవక్త జ్వరమొచ్చి పోయాడని చాలా కాలం నమ్మింది. తమిళంలో పెట్టమని పిల్లలు, తెలుగులో పెట్టమని అమ్మ కొట్లాడుకుంటే తీర్పు కూడా నాదే. మావారు నన్ను సెన్సారమ్మా అని పిలిచేవారు. పైకి కసురుకున్నా లోపల ఆ పేరు నాకు మహా ముద్దుగా ఉండేది.

బావ మగ్గం నేసేవాడు. లుంగీలు నేయడంలో ఆ వీధిలో ఆయనకు పేరుంది. ఆయనకు సినిమాలకన్నా వినే నాటకాలంటేనే ప్రాణం. "సినిమా అయితే పని మానుకొని చూడాల. కథ అయితే నేస్తా నేస్తా వినొచ్చు" అనేవాడు. నేను పెన్ డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చినవి వారమంతా మగ్గం దగ్గర విని, ఆదివారానికల్లా గొంతులన్నీ పట్టేసేవాడు. గాడిద మాట్లాడే కథ ఒకటుంది. అందులో గాడిద గొంతు ఆయన తీస్తే మా అమ్మ పొట్ట పట్టుకుని, "ఇంక చాలప్పా, చచ్చిపోతాను" అనేది. అంత మంచి మనిషికీ సాయంత్రమైతే ఆ పాడు అలవాటు. తాగి ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. వీధి మలుపు నుంచి ఇంటిదాకా గోడ పట్టుకుని వచ్చేవాడు, అంతే. కానీ ఒకసారి స్కూలు వార్షికోత్సవానికి అట్లాగే వెళ్లాడట. అక్క అది చెప్పి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈయన సంగతి నేను చూస్తానులే అనుకున్నాను. నేను టీచరుని కదా, అందరినీ దిద్దాలి నాకు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఒక ఆదివారం. రైల్లో ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని ఒక కొత్త నాటకం వింటున్నాను. ఒక తాగుబోతు తండ్రి, ఒక చిన్న కూతురు. తండ్రి తూలుతూ బడికి వస్తే ఆ పిల్ల తలుపు చాటున దాక్కుంటుంది. చివర్లో తండ్రి మోకాళ్ల మీద పడతాడు. మానవూరు స్టేషను దాటేసరికి నూటికి తొంభై ఐదు మార్కులు వేసేశాను. ఇది దేవుడే నా చేతికి ఇచ్చాడని పక్క సీటామెతో కూడా చెప్పాను. మధ్యాహ్నం చాప మీద అందరూ కూర్చున్నాక బటన్ నొక్కాను. నాటకం సాగుతున్నంతసేపూ నేను కథ వినలేదు, బావ మొహం చూశాను. ఆయన తల వంచుకుని చాప అంచు పీచులు లాగుతూ ఉన్నాడు. అయ్యగారు చెప్పిన పద్ధతి ప్రకారం, అయ్యాక ఒక్కొక్కరూ కథలో తమకు తగిలిందేమిటో చెప్పాలి. తొమ్మిదేళ్ల అక్క కూతురి వంతు వచ్చింది. "ఆ పాపను చూస్తే నాకు జాలేసింది. మా నాయన గూడ అట్లనే వచ్చినాడు ఇస్కూలుకు. నేనూ దాక్కున్నాను" అంది. తర్వాతి వంతు బావది. "మగ్గం మీద పోగు తెగి ఉండాది, చూసుకొని వస్తా" అని లేచి వెళ్లిపోయాడు. ఆదివారం ఆ ఇంట్లో మగ్గం ఆడించరు. ఆ రోజు చీకటి పడేదాకా ఆడింది.

నేను విజయగర్వంతో వంటింట్లోకి వెళ్లాను. అక్క పాల గిన్నె దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. "ఎంత పని చేసినావే" అంది. "ఆయన మానేసి అయిదు వారాలయింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఈస్టరు పండక్కి సంఘంలో తానే లేచి, దేవుడు తనను మార్చినాడని సాక్ష్యం చెప్తానని చెప్పుకోకుండా దాచుకున్నాడు." మగ్గం దగ్గరికి వెళ్లి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. వెళ్లలేదు. రైలుకు టైమవుతోందని బయలుదేరిపోయాను.

అంతటితో పోయినా బాగుండేది. ఆ అయిదు వారాల సంగతి తెలియని అమ్మ, అల్లుడు తాగకుండా ఇంటికొస్తున్నాడని చూసి, అంతా ఆ కథ మహిమేనని మురిసిపోయి అయ్యగారి చెవిన వేసింది. ఈస్టరు ఆరాధనకు అందరం తిరుత్తణి సంఘానికే వెళ్లాం. బావ తెల్ల చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా నిటారుగా కూర్చున్నాడు. అయ్యగారు వాక్యం మధ్యలో ఆగి, "మన సహోదరి ప్రార్థన చేసి ఎంచిన ఒక కథ, చిన్నబిడ్డ ఒక మాట, ఒక కుటుంబాన్ని నిలబెట్టినాయి" అని నా వైపు చేయి చూపించారు. స్తోత్రం స్తోత్రం అన్నారు అందరూ. అయ్యగారూ, ఆయన అంతకు ముందే మానేశాడండీ అనడానికి ఎంతసేపు? నేను తల వంచుకున్నాను. చూసినవాళ్లకు అది వినయంలా కనిపించి ఉంటుంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పొగడ్త నాకు తియ్యగా ఉండింది. తర్వాత సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నప్పుడు బావ లేవలేదు. ఆ తర్వాత మా ఆదివారం చాప మీద కూడా ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. తన వంతు రాకుండా బయట తిన్నె మీద కూర్చుని వినేవాడు. మళ్లీ ఒక్క చుక్క ముట్టలేదు. ముట్టి ఉంటే, చూశారా నేను చెప్పలేదా అనుకుని నేను సుఖంగా నిద్రపోయేదాన్నేమో.

మొన్న పాప గొంతు విన్న మర్నాడే, ఆదివారం, రైలెక్కాను. అమ్మ ఇప్పుడు లేదు. అక్క లోపల వంట చేస్తోంది. బావ తిన్నె మీద చిన్న స్పీకరు పెట్టుకుని ఏదో నాటకం వింటున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా నిలబడే చెప్పేశాను. "బావా, ఆ పొద్దు ఆ కథ నిన్ను కొట్టాలనే పెట్టినాను."

"తెలుసు గదా. బటన్ నొక్కే ముందు నా పక్క చూసినావు" అన్నాడు.

"నువ్వు ముందే మానేసినావని తెలిసి గూడ, ఈస్టరు దినం అయ్యగారు పొగుడుతా ఉంటే నోరు మూసుకొని ఉన్నాను. నీ సాక్ష్యం నేను తినేసినాను. నన్ను క్షమించు బావా."

ఆయన స్పీకరు ఆపాడు. "ఆ పొద్దు లేద్దామనే పోయినాను. ఎట్ల మొదలుపెట్టాల, ఎట్ల ముగించాల అని మగ్గం కాడ ఎన్నితూర్లు చెప్పుకొని ఉంటానో. అయ్యగారు అట్ల అన్నాక ఇంక లేచి ఏం చెప్పేది? విడిచిపెట్టు మరదలా, ఎప్పటి మాట" అన్నాడు.

"పాపకైనా నిజం చెప్పేస్తాను. అది ఇంకా ఆ కథే అనుకుంటా ఉంది."

ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదలు. "వద్దు! తన మాట విని వాళ్ల నాయన మారినాడని అది అనుకుంటా ఉంది. నువ్వు చెప్పినావంటే, మానేసినోణ్ణి పట్టుకొని అందరి ముందర అంత మాట అన్నానే అని ఏడుస్తాది. అట్లే ఉండనీ."

నాది కాని ఆ పేరు నేనే మోయాలన్నమాట, ఇంకెప్పటికీ. పాప కథ అడిగిందని చెప్పి, వాళ్ల ఆయనకు ఏం పంపమంటావు అని అడిగాను. ఎంచే పని ఇంకొకరికి ఇవ్వడం నా జన్మలో అదే మొదటిసారి. "తగిలేది వద్దు. నవ్వేది పంపు. ఆ గాడిద కథ ఉంది చూడు, అది" అన్నాడు. గాడిద గొంతు తీస్తాడేమోనని కాసేపు ఆయన మొహంలోకి ఆశగా చూశాను. తీయలేదు. లోపలికి రా, తిందువు అన్నాడు.

తిరుగు రైల్లో కూర్చుని ఆ కథను గుమ్మిడిపూండికి పంపించాను. ఆదివారం మళ్లీ వస్తుంది కదా, వచ్చే వారం చెబుదాంలే అనుకుంటూనే పదిహేనేళ్లు దాటించాను. తీరా చెప్పడానికి పట్టింది, తిరువాలంగాడు నుంచి పక్క స్టేషను మానవూరు రావడానికి ఈ రైలుకు పట్టేంత సేపే.