తెల్లచెక్క కనబడేదాకా

మొన్న శనివారం ఢిల్లీ వసంత్ కుంజ్‌లో స్నేహితురాలి ఇంటికి నడిచి వెళ్తుంటే, పార్కులో స్కేట్‌బోర్డులాడే గుంపులోంచి ఠప్పుమని చెక్క విరిగిన చప్పుడైంది. నా కాళ్ళు ఆగిపోయాయి. విరిగిన చోట ఏం కనబడుతుందో నాకు తెలుసు. గులాబీ, పచ్చ, నీలం, పసుపు పొరలు. మంచి బోర్డులు మేపుల్ అనే తెల్లటి గట్టి చెక్కతో, ఏడు పల్చటి పొరలు, లోపలివాటికి మాత్రం రంగులద్ది, అతికించి చేస్తారు. ఆడేవాళ్ళకి ఆ పొరలు పట్టవు, విరిగితే పారేస్తారు. అవి ఏరి తెచ్చి గిన్నెలు చేసినావిడ ఒకరుండేవారు, మా విమలాంటీ.

ద్వారకలో మా కింది ఫ్లాట్ ఆవిడది. అనకాపల్లి వైపు మనిషి. ఇక్కడొక పాలిటెక్నిక్‌లో వడ్రంగం నేర్పి రిటైరయ్యారు. నేను గుంటూరు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికొచ్చిన కొత్తలో, ఆదివారం పొద్దున్నే కింద నుంచి వచ్చే మోత భరించలేక పోట్లాటకే దిగాను. జుట్టునిండా చెక్కపొట్టుతో తలుపు తీశారు. "పోట్లాటకొచ్చావేటి? టీ తాగి పోట్లాడుకుందాం. ముందా టేబులు కదలకుండా పట్టుకో," అన్నారు. చెక్కని తిప్పే లేతు మిషను మీద గిర్రున తిరుగుతున్న దిమ్మకి ఉలి ఆనించగానే రంగుల పొట్టు రాలింది. మోత ఆగేసరికి చుట్టూ రంగు చారలతో గిన్నె ఒకటి ఆవిడ అరచేతిలో ఉంది. పోట్లాట సంగతి నాకు గుర్తు రాలేదు.

పని నేర్పడంలో మాత్రం మహా చండశాసనురాలు. బోర్డుకి పైన నల్లటి గరుకు కాగితం, కింద పెయింటుతో బొమ్మ ఉంటాయి. ఆ రెండూ పోయేదాకా గీకితే గానీ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి అతికించనిచ్చేవారు కాదు. "తెల్లచెక్క కనబడేదాకా గీకు." "కనబడుతోందిగా ఆంటీ." "నీ కంటికి కాదు, వేలికి తెలియాలి. జిగురు చెక్కని పట్టుకుంటాది గానీ పెయింటుని కాదు." దిమ్మ తయారయ్యాక ప్రతి అతుకూ వేలితో తడిమి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, అప్పుడే లేతుకి బిగించేవారు. తిరిగేటప్పుడు ముక్క ఊడితే రాయి విసిరినట్టే వస్తుంది మరి.

ఒక ఏడాది ఆవిడకి శుక్లాల ఆపరేషన్ అయింది. అతికించే పని నాకప్పగించారు. ఆఫీసులో రిలీజు నెత్తిమీదున్న రోజులు, పదకొండింటికి కాల్. ఎనిమిది ముక్కల్లో ఏడు గీకాను. ఎనిమిదోదాని పెయింటు అలాగే ఉంచి, లోపలి వైపుకి తిప్పి జిగురేసి బిగించేశాను. ఒక్కటేగా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఆఫీసులో అలా అనుకుని వదిలేసినవి బోలెడు. మర్నాడు ఆంటీ తడిమి చూశారు. ఆ పెయింటు గీత మిగతా రంగుల్లో కలిసిపోయి ఎవరి కంటికీ ఆనేలా లేదు. గిన్నె సగం రూపుకొచ్చేసరికి దిమ్మ రెండుగా విడిపోయి, ఒక ముక్క వచ్చి ఆవిడ ముఖానికి కట్టుకున్న ప్లాస్టిక్ తొడుగుని పగలగొట్టింది. అదృష్టం, దెబ్బ తగల్లేదు. ఆవిడ స్టూలు మీద కూలబడి, "అన్నీ గీకావా?" అనడిగారు. "గీకాను ఆంటీ," అన్నాను. అనడమే కాదు, ఆ పెయింటు ముక్కని ఆవిడ చూడకముందే పొట్టుతో కలిపి ఊడ్చి సంచిలో పడేశాను. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

"అయితే తేడా నాకే కనబడలేదన్నమాట. ఈ కళ్ళని నమ్ముకుంటే రేపు నీ మొహం పగులుతాది," అన్నారు. తర్వాత రెండు ఆదివారాలు కింద నుంచి చప్పుడే లేదు. మోత మీద పోట్లాటకెళ్ళినదాన్ని, ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. అయినా కిందికి దిగి నిజం చెప్పలేదు.

మూడో ఆదివారం కిందికి వెళ్తే టెంపో ఆగి ఉంది. లేతు కొనుక్కుని పట్టుకెళ్ళడానికొచ్చిన ఇద్దరు మనుషులు దాని బోల్టులు విప్పుతున్నారు. "దీదీ, మోటర్ ఠీక్ హై న?" అని ఒకడు అడిగాడు. "మోటర్ ఠీక్ హై భయ్యా. మేరీ ఆంఖే ఠీక్ నహీ," మోటారు బాగానే ఉంది, బాగాలేనివి తన కళ్ళేనని అన్నారు ఆంటీ, నవ్వుతూనే. ఇంక ఆగలేకపోయాను. "ఆంటీ, నేనొక ముక్క గీకలేదు. పెయింటు మీదే అతికించాను. గీకానని అబద్ధం చెప్పాను."

"అంటే నా కళ్ళు బాగానే ఉన్నాయా?"

"బాగున్నాయి ఆంటీ."

ఆ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వచ్చినవాళ్ళకి టీ ఇచ్చి, బోల్టులు మళ్ళీ బిగింపించి పంపేశారు. అప్పుడు నావైపు తిరిగారు. "ముక్క తగిలినా పోనీలే అనుకుందును. ఇన్నాళ్ళు నన్ను గుడ్డిదాన్ననుకోనిచ్చావు కదే."

పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక పొద్దున్న ఫోను చేసి రమ్మన్నారు. టేబుల్ మీద ఎనిమిది ముక్కలున్నాయి. వేళ్ళు మండేదాకా గీకి అతికించాను. మర్నాడు దిమ్మ బిగింపులు విప్పి, తడిమి చూస్తారని చెయ్యి చాపి అందించాను. ఆవిడ చూడలేదు. అతుకుల మీద వేలు కూడా పెట్టలేదు. కొత్త తొడుగు కట్టుకుని, దిమ్మని లేతుకి బిగించి, స్విచ్చి వేశారు. గిన్నె పూర్తయ్యేదాకా నేను టేబులు పట్టుకునే ఉన్నాను. ఆ తర్వాత చనిపోయేదాకా, ఆరేళ్ళపాటు, నేనతికించిన ఏ దిమ్మనీ ఆవిడ పరీక్షించలేదు.

లేతు ఇప్పుడు మా బాల్కనీలో ఉంది. ఈసారి పోట్లాటకొచ్చేది పక్కింటివాళ్ళు. మొన్న ఆ విరిగిన బోర్డు అడిగి తెచ్చుకున్నాను. ఆదివారం పొద్దున్నే కూర్చుని పెయింటంతా గీకాను. తెల్లచెక్క కనబడింది, వేలికీ తెలిసింది. అయినా ఇంకోసారి గీకాను.