చెవి రక్తం

1946 వేసవి, మంగళవారం, పొద్దున పదిన్నర గంటలు. నేను పుంగనూరు పశువుల ఆస్పత్రిలో అటెండరును. డాక్టరు రంగనాథంగారితో రెండు గంటల బండి దారిలో ఉన్న పల్లెకు పోయాను.

చెంగప్ప అనే రైతు ఆవు తెల్లారేసరికి చచ్చింది. పుంగనూరు జాతి పొట్టి ఆవు, ముందురోజు దాకా మేసింది. చచ్చిన గొడ్ల తోలు తీసే మునెప్ప, తోలుకు ఆశపడి విషం పెట్టాడని చెంగప్ప అనుమానం. మునెప్పను బండి చక్రానికి కట్టేశారు. అతడు మా పెద్దమ్మ కొడుకు. ఆ మాట నేను అక్కడ అనలేదు. భయపడ్డాను.

ఎందుకు చచ్చిందో తెలియని పశువును కోసే ముందు, చెవి నరం నుంచి రక్తం తీసి గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూడాలి. దాన్ని స్మియర్ అంటారు. దొమ్మరోగమైతే, అంటే ఆంత్రాక్స్, కోయనే కూడదు. ఆ రక్తం మనిషికీ అంటుతుంది. మైక్రోస్కోపు పుంగనూరులో ఉంది.

"సాయంకాలానికి తేలుస్తాను" అన్నారు డాక్టరు.

"అందాకా ఈడు ఉంటే గదా సామీ" అన్నాడు చెంగప్ప. అతని తమ్ముళ్ళిద్దరూ నవ్వారు.

మునెప్ప తలెత్తాడు. "ఇప్పుడే కొయ్యండి సామీ. కడుపులో ఇసం ఉంటే నన్నూ ఆ గుంతలోనే పూడ్సండి."

దొమ్మరోగమైతే ముక్కులో నల్లరక్తం కనపడుతుంది. డాక్టరు వంగి చూశారు. లేదు. ఇంటి ఆడవాళ్ళు అప్పటికే ఆవును సాగనంపడానికి దాని మొహం కడిగి పసుపు కుంకుమ పెట్టి ఉన్నారు. పసుపు మా కళ్ళెదుటే ఉంది. కడిగినప్పుడు ఏం పోయిందని మేము అడగలేదు.

"కట్లు విప్పండి" అన్నారు డాక్టరు.

కత్తి మునెప్పే పట్టాడు. డాక్టరు చేతులకు రబ్బరు తొడుగులున్నాయి. మునెప్పకు లేవు. తాడు కోసుకుని అతని మణికట్టు దగ్గర చర్మం లేచిపోయి ఉంది.

విషం లేదు. ప్లీహం ఉబ్బి, తారులా కారింది. డాక్టరు మొహం పాలిపోయింది. "దొమ్మరోగం" అన్నారు.

"ఇన్నారా అప్పా, ఇసం కాదంట" అన్నాడు మునెప్ప, చెంగప్పతో. చేతులు రెండూ రక్తంతో ఉన్నాయి. డాక్టరు తానే మందునీళ్ళతో కడిగారు.

మూడోరోజు మణికట్టు మీద నల్లటి పుండు లేచింది. మదనపల్లె ఆస్పత్రికి బండిలో తీసుకుపోతుంటే, "ఇసం కాదని అందురూ ఇన్నారు గదరా?" అని నన్ను అడిగాడు. విన్నారన్నాను. ఆరోరోజు పోయాడు.

తర్వాత మమ్మల్ని కుప్పం మార్చారు. రక్తం పూసిన పలకతో పెట్టే స్మియర్ చీటీ నేనే రాయాలని డాక్టరు అక్కడ నాకు అక్షరాలు నేర్పారు. అప్పటికి నాకు ముప్పై అయిదేళ్ళు. ఆ తర్వాత ఆయన మద్రాసులో పశువైద్యం చెప్పే కాలేజీకి పోయారు. ఏటా కొత్త పిల్లలకు మొదటి పాఠంగా తన తప్పే చెప్పేవారట.

ఆయన పాఠం, ముందు చెవి రక్తం తీయమని. నాది వేరు. రక్తపు చుక్కతో పాటు మనిషిని కూడా బండిలో ఎక్కించుకుని పోయి ఉండవచ్చు. నావాడని నేను ఒక్కమాట అని ఉంటే డాక్టరు కాదనేవారు కాదు.

ఆరోజు అక్కడ ఉన్నవాళ్ళు: డాక్టరు రంగనాథం, చెంగప్ప, అతని భార్య నాగమ్మ, కోడలు రత్నమ్మ, తమ్ముళ్ళు వెంకటప్ప, సుబ్బన్న, మా బండి తోలిన ఖాదర్ సాబు, మునెప్ప. నేను, గంగులప్ప, మునెప్ప తమ్ముణ్ణి.