అమ్మ దాచని జబ్బు

మొన్న భద్రాచలం కరకట్ట మీద కూర్చొని గోదావరి గాలి పీలుస్తుండగా అక్క మనవరాలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, తన జన్యువులను పరీక్షించి డాక్టర్లు ఒక స్కోరు కట్టారనీ, ఒంట్లోని రక్షణశక్తే శత్రువనుకొని కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు తనకు వచ్చే అవకాశం మిగతావారికన్నా కొంచెం ఎక్కువనీ, వచ్చి తీరుతుందని కాదుగానీ కనిపెట్టుకొని ఉండమన్నారనీ చెప్పింది. ఇంట్లో ఎవరికైనా ఉండేదా అని వాళ్లు అడిగితే, తన ముత్తవ్వ చెల్లెలికి, అంటే మా అమ్మ చెల్లెలికి, ఉండేదని తడుముకోకుండా చెప్పిందట. ఆ మాటతో నా మనసు అమ్మ మీదికి పోయింది.

మన ఈడువాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో కళ్లు పచ్చబడితే పసరు పోయించేవారు, అప్పటికీ తగ్గకపోతే తాగుడు అనేవారు. బూర్గంపాడులో ఉండే మా చిన్నమ్మకు, అంటే అమ్మ చెల్లెలికి, కామెర్లు తిరగబెట్టి కడుపు ఉబ్బితే, చాటుగా ఇప్పసారా తాగుతుందని ఊరంతా చెప్పుకుంది. ఇది తాగుడు రోగం కాదు, ఒంటి కాపలాయే కాలేయం మీద తిరగబడింది, రక్తసంబంధంలోనూ రావచ్చు అని హైదరాబాద్ దవాఖానాలో డాక్టరు మాత్రలు రాసిచ్చినా, ఆ మాట గోదావరి గట్టుదాకా రాలేదు. చిన్నమ్మ పెళ్లిళ్లకు, పేరంటాలకు పోవడమే మానేసింది.

అలాంటప్పుడు అక్కకు అశ్వారావుపేట నుంచి రైతుల సంబంధం వచ్చింది. బొగ్గుబావిలో పనిచేసే నాన్నకు అది పెద్దింటి సంబంధం. రోగాల ఊసు అలాంటిచోట ఎత్తకూడదన్నది మనవాళ్ల రివాజు కనుక, పెళ్లిచూపుల పూట చిన్నమ్మను వంటింట్లోనే ఉంచమన్నాడు. అమ్మ వినిపించుకోలేదు. చెల్లెలికి తన పట్టుచీర కట్టించి, చాప మీద పక్కనే కూర్చోబెట్టుకుంది.

పెళ్లికొడుకు నానమ్మ చూపు నేరుగా అక్కడికే పోయింది.

"ఏంది బిడ్డా, మీ చెల్లె కండ్లు గట్ల పచ్చగున్నయ్?"

నాన్న తల దించుకున్నాడు.

"కాలేయం జబ్బు, పెద్దమ్మా. మా చెల్లె సారా ముట్టలే. ఇది రక్తంల వస్తదన్నడు డాక్టరు. గట్లయితే రేపు నాకు రావచ్చు, నా బిడ్డకు రావచ్చు. తెలిసే చేసుకోండ్రి" అన్నది అమ్మ.

ముసలమ్మ తమలపాకు బుగ్గన పెట్టుకుంది.

"మా ఇంట్ల సగం మందికి చెక్కర బీమారి. మేం చెప్పినమా మీకు? ఈమె పెంచిన పిల్ల అబద్ధమాడదు. లగ్గం పెట్టుకుందాం" అన్నది. పక్కనున్న ఆమె కొడుకు, పెళ్లికొడుకు తండ్రి, మాత్రం నచ్చనట్టు ఎటో చూశాడు.

అక్క పెళ్లిలో తలంబ్రాల పళ్లెం పట్టుకొని ముందు నడిచింది చిన్నమ్మే. మాత్రలు మింగుతూ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. వార్తలు రాసి బతికిన నేను నిజం కోసం నిలబడ్డ పెద్దమనుషులను కొందరిని చూశాను గానీ, కూతురి సంబంధం చెడినా సరేనని చెల్లెలి పరువు నిలబెట్టిన అమ్మ పక్కన వాళ్లెవరూ నా కంటికి ఆనలేదు.

ఇప్పుడు మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు. స్కోరు సంగతి తనే ముందుగా చెబుతుందట. "దాస్తే ముత్తవ్వ ఊకుంటదా తాతా?" అని నవ్వింది.

రోగం రాకముందే రక్తం తన సంగతి తాను చెప్పుకునే కాలం వచ్చింది. చిన్నమ్మ తరఫున చెప్పడానికి ఆనాడు అమ్మ ఒక్కతే ఉండేది. ఈ కబురు వాళ్లిద్దరికీ చెబుదామంటే, ఇద్దరూ లేరు.