బోనమెత్తే వంతు

2009 వేసవి. నాచారంలో ఫ్యాక్టరీలకు వెళ్ళే రోడ్డు మీద, మందుల షాపు పక్కన రెండు గదుల్లో నా ఫిజియోథెరపీ క్లినిక్ ఉండేది. ముందు గదిలో కుర్చీలు, లోపలి గదిలో ఒక బల్ల, గోడ పొడవునా పట్టుకుని నడవడానికి ఇనుప కమ్మీలు. నడుములు పట్టేసినవాళ్ళు, భుజాలు బిగుసుకుపోయినవాళ్ళు ఎక్కువగా వచ్చేవారు. అప్పటికి నాకు నలభై దాటాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరందరి చేతా వ్యాయామాలు చేయిస్తూ నేను మాత్రం ఒక్కటీ చేసేదాన్ని కాదు. నేల మీద కూర్చుంటే లేవడానికి బల్ల కోడు పట్టుకోవాల్సి వచ్చేది.

ఆ రోజుల్లో చిల్కానగర్ నుంచి శ్రీశైలం అనే అతను వాళ్ళమ్మ యాదమ్మను ఆటోలో తీసుకొచ్చేవాడు. ఆమెకు డెబ్బై దాటింది. శివరాత్రి అప్పుడు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. దవాఖానాలో ప్లేటు వేసి, ఇక వెయిట్ బేరింగ్ మొదలుపెట్టవచ్చన్నారు. అంటే ఆ కాలి మీద కొద్దికొద్దిగా బరువు మోపి నిలబడాలి. యాదమ్మ నిలబడనంటే నిలబడనంది.

"కాలు పెట్టంగనే పాణం పోతది బిడ్డా. కొడుకున్నడు, కోడలున్నది. మంచంల కూసుంటా, నాకేం తక్కువ."

తుంటి విరిగి మంచానికి అతుక్కుపోయిన ముసలివాళ్ళను నేను చాలామందిని చూశాను. ముందు వీపు మీద పుండ్లు పడతాయి, తర్వాత ఛాతీలో కఫం చేరుతుంది, ఆ తర్వాత ఎవరూ క్లినిక్‌కు రారు. ఈ సంగతి శ్రీశైలంకు చెప్పాను, యాదమ్మకూ చెప్పాను. భయపెట్టాను, బతిమాలాను. ఆమె బల్ల మీద పడుకుని ఫ్యాను చూసేది.

ఒకరోజు వాళ్ళతో పాటు ఇంకో ముసలామె వచ్చింది. పేరు నర్సమ్మ, యాదమ్మ బావగారి భార్య. ఎనభై దాటిన మనిషి, చిల్కానగర్ నుంచి నడిచి వచ్చింది. ఆటోలో ఎందుకు రాలేదంటే, "ఆటోల ఊపిరాడదు" అంది. కుర్చీలన్నీ నిండి ఉంటే నేల మీద గొంతుక్కూర్చుంది. పిలవగానే దేన్నీ పట్టుకోకుండా, చేయి నేలకు ఆనించకుండా లేచి లోపలికి వచ్చింది. నాకు కడుపు మండింది. ఆ మాటను మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. చదువుకున్న నేను బల్ల కోడు పట్టుకుంటుంటే, ఈమె మోకాళ్ళు ఎవరు చేశారసలు?

నర్సమ్మ బయటికి వెళ్ళాక చూస్తే, నాకంటే ఎక్కువ మండుతున్న మనిషి బల్ల మీద ఉంది.

"సూసినవా డాక్టరమ్మా, మా యారాలి టెక్కు" అంది యాదమ్మ. యారాలంటే తోటికోడలు. "మా ఇంట్ల ఆషాఢంల బోనం పెద్దకోడలే ఎత్తుతది. ఆమెకు శాతగానప్పుడే నా వంతు. కాపురానికొచ్చిన కాంచి సూస్తున్న, బోనాలప్పుడు అక్కకు ఎన్నడూ జరం గూడ రాలే. కాలు ఇరిగితే నాదే ఇరిగింది."

నాకు దారి దొరికింది. "అయితే ఈ ఆషాఢంల ఆమె బోనమెత్తుకొని పోతుంటే, నువ్వు మంచంల పండుకొని డప్పుల సప్పుడు ఇంటవా?" అన్నాను.

యాదమ్మ ఫ్యాను మీద నుంచి చూపు దించి గోడ వైపు చూసింది. తర్వాత, "ఆ కమ్మీ తాన్కి తీస్కపో" అంది.

ఆ రోజు ఏడుస్తూ, నన్ను తిడుతూ నిలబడింది. నర్సమ్మను ప్రతిసారీ తప్పకుండా రమ్మన్నాను, కుర్చీ ఖాళీగా ఉన్నా నేల మీదే కూర్చోమన్నాను. ఆమె గుమ్మంలో కనిపించిన రోజు యాదమ్మ కమ్మీల పొడవునా ఇంకోసారి నడిచేది. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది.

బోనాల రోజు నేనూ వెళ్ళాను. ముందు నర్సమ్మ, తల మీద పసుపు రాసిన కుండ, వేపమండలు, పైన దీపం. వెనక కర్రతో యాదమ్మ. ఆయాసపడుతూ అందరికంటే వెనక నేను. "మంచిగ నడుస్తున్నవ్ అవ్వా" అంటే యాదమ్మ నా వైపు కూడా చూడలేదు.

"నా నడక సంగతి ఇడిసిపెట్టు. ఆ మెడ సూడు, జర గూడ వంగలే" అంది.

మరుసటేడు ఆషాఢానికి ముందు ఒక మధ్యాహ్నం నర్సమ్మ ఒక్కతే వచ్చి, వస్తూనే తలుపు దగ్గరికి వేసింది. అలవాటు కొద్దీ నేల మీద కూర్చుంది కానీ, లేవమంటే బల్ల కోడు పట్టుకుంది, నేను పట్టుకునే కోడే. నాకు లోలోపల హాయిగా అనిపించింది. మోకాలు చూస్తే వాచి ఉంది. అరుగుదల, ఎప్పటినుంచో దాచిపెట్టింది.

"ఈసారి యాదమ్మవ్వను ఎత్తుకోనీయి. ఇప్పుడామెకు శాతనైతది" అన్నాను.

"ఇస్తే ఏమైతదో ఎర్కేనా? ఒక్క ఏడు ఎత్తుకుంటది. అటెన్క దానికేం పని ఉన్నది? మల్ల మంచమెక్కుతది. పొద్దుగాల నేను వాకిలి ఊడుస్తుంటే సూసి ఓర్వకనే అది లేస్తది బిడ్డా. నేను కూసున్ననంటే అది పండుకుంటది."

ఆమె మోకాలు నిమురుకుంటూ, "గట్లని ఇయ్యబుద్ధి గూడ గాదనుకో" అని నవ్వింది. "దానికి జెప్పిన కసరత్తే నాకూ జెప్పు. ఒకటి ఎక్కువ జెప్పు. నేనొచ్చిన సంగతి మాత్రం దానికి ఎర్క గావద్దు."

కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, తొడ కండరం బిగించి పట్టి ఉంచడం నేర్పించాను. ఈ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఆ ఏడూ బోనం నర్సమ్మే ఎత్తింది. యాదమ్మ కర్ర లేకుండా వెంట నడిచింది. మర్నాడు క్లినిక్‌కు వచ్చి నా చెవి దగ్గర, "అక్క జర కుంటుతున్నది, నువ్వు సూసినవా?" అంది.

"లేదే" అన్నాను.

"పోనీ, వచ్చే ఏడు సూద్దాం. మెడకు ఏమన్న కసరత్తు ఉన్నదా?"

నేర్పించాను. ఇద్దరికీ ఏళ్ళ తరబడి విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఇంకొకరికి నేర్పిస్తూనే ఉన్నాను. తెలంగాణ వచ్చిన ఏడాది బోనాలకూ కుండ నర్సమ్మ తల మీదే ఉంది. యాదమ్మ వెనకాలే, ఆ మెడ మీద నుంచి చూపు తిప్పకుండా నడిచింది.

అప్పటినుంచి వయసు మళ్ళిన పేషెంటు ఎవరొచ్చినా, నొప్పి ఎక్కడ అని అడిగాక ఇంకో ప్రశ్న అడుగుతాను: మీ ఇంట్లో గానీ, గల్లీలో గానీ మీకంటే హుషారుగా ఉన్న మనిషి ఎవరు? పేరు చెప్పేటప్పుడు మూతి తిప్పుకుంటే నాకు ధైర్యం వస్తుంది. అలాంటి పేరేదీ లేదన్నవాళ్ళ గురించే నాకు ఫికర్.

నాకైతే పేరుంది. తెలంగాణ వచ్చిన ఆ ఏడాదే పండగ తర్వాత నర్సమ్మ ప్రసాదం తీసుకుని క్లినిక్‌కు వచ్చింది. కుర్చీ వేసినా నేల మీదే కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. అప్పటికి రోజూ పొద్దున ఎవరికీ చెప్పకుండా నేనూ అదే కసరత్తు చేస్తున్నాను. ఇద్దరం ఒకేసారి లేచాం. బల్ల కోడు నేను పట్టుకున్నాను. ఆమె పట్టుకోలేదు.