గడువు ముగిశాక ఆమె ఇంట్లో

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బెల్లంపల్లిలో మేము అద్దెకున్న ఇంటి ఒప్పందం ముగియడానికి నెల ముందే, వెనక వీధిలో మాకు సరిపోయే ఇల్లు ఖాళీగా ఉందని నాకు తెలుసు. మేము బాపు అని పిలిచే మా నాన్న ఇల్లు వెతుకుతూ తిరుగుతున్నారు. నేను నోరు విప్పలేదు. పైఅంతస్తులో ఉండే మా ఇంటి యజమాని రూతమ్మ టీచర్‌ను విడిచి వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ టీచర్ మొన్న ఆదివారం కన్నుమూశారు. చర్చికి రాలేదేమని చూడబోయినవాళ్లకు కుర్చీలో కూర్చున్నట్టే కనిపించారట. ఆ వార్త విన్నప్పుడు చేతిలో ఉన్న గిన్నె ఎక్కడ పెట్టానో కూడా నాకు గుర్తులేదు.

మిషన్ బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. జీతం కూడబెట్టి ఇల్లు కట్టుకుని, కింది వాటా మాకిచ్చి, తాను పైన ఉండేవారు. చూపు తగ్గాక సాయంత్రాలు నాచేత పుస్తకాలు చదివించుకునేవారు. నలుగురిలో మాట పెగలని నేను ఆమె ముందు పేజీలకు పేజీలు చదివేదాన్ని. "గట్టిగ చదువు బిడ్డా. నీకన్న నీ గొంతుకే సిగ్గెక్కువున్నది" అనేవారు. ఆ ఊళ్లో నాకు అంతకు మించిన స్నేహం లేదు.

మా ఒప్పందం ముగిసేనాటికే ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. కింద ఉందామనే మా వాటా ఖాళీ చేయమన్నారు. గడువు దాటినా మేము కదలలేదు. వెనక వీధి ఇంట్లోకి వేరేవాళ్లు వచ్చేశారు.

"జర ఓపిక పట్టుండ్రి టీచర్" అన్నారు బాపు.

"నాకున్నది రాజేశం. నా మోకాళ్లకే లేదు. గవాటికి నువ్వే చెప్పు."

చివరికి ఆమె కోర్టుకు వెళ్లారు. గడువు తీరాక అద్దె పుచ్చుకుంటే మమ్మల్ని ఉండనిచ్చినట్టే అవుతుందని వకీలు చెప్పారట. నెలనెలా బాపు తీసుకెళ్లిన డబ్బును తిప్పి పంపేవారు. ఆమె జాగ్రత్త అక్కడితో ఆగలేదు. ఒకరోజు నేను మొక్కజొన్నతో చేసిన మక్కగారెలు తీసుకుని పైకెళ్తే, చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు.

"వద్దు బిడ్డా. వకీల్ కిరాయి ఒక్కటే వద్దన్నడు గని, నాకు భయం. మీ ఇంటిది ఏది ముట్టినా కేసు ఖరాబైతదేమో."

"గారెలకేమైతది టీచర్?"

"ఏమో! వాసనైతే వస్తనే ఉన్నది. దాని మీద కేసెయ్యరు తియ్."

ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత ఏడాదిన్నర నేను పైకి వెళ్లలేదు. ఆమెకు దగ్గరగా ఉండాలని దాచిన మాటే ఆమెను నాకు దూరం చేసింది. పుస్తకం తెరిచి కూర్చుంటే ఆమె మెట్లెక్కడం వినిపించేది. ఒక అడుగు, కాసేపు ఆగడం, మళ్లీ అడుగు. ఎన్నిసార్లు ఆగారో డైరీలో రాసుకునేదాన్ని. లేచి వెళ్లి చెయ్యి పట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

కోర్టు ఇల్లు ఖాళీ చేయమంది. గడువు తీరిననాటి నుంచి మేమున్నన్నాళ్లకు, ఇప్పటి అద్దెల ప్రకారం పరిహారం కూడా కట్టమంది. కోర్టు వరండాలో బాపు మండిపడ్డారు.

"ఇస్తనన్న కిరాయి తీస్కోలే. ఇప్పుడు ఎక్కువ కట్టమంటే ఎట్ల టీచర్?"

"గిది కిరాయి కాదు రాజేశం" అన్నారామె మెల్లగా. "నా ఇల్లు నాకు లేకుండ పోయిన దినాలకు."

ఆ దినాలు పోవడానికి కారణం నేనేనని నాకొక్కదానికే తెలుసు.

కింది వాటాలో ఆమె ఉన్నది నాలుగు నెలలే. తన హక్కు కోసం అంత నిక్కచ్చిగా నిలబడుతూనే, మనసులో పిసరంత ద్వేషం లేని మనిషిని నేను మళ్లీ చూడబోను. నా గొంతు వినాలనుకునేవాళ్లు ఇక లేరు. క్షమాపణ అడగవలసినప్పుడు అడగలేకపోయిన నేను, ఇప్పుడు ఆ పాదాలకు నమస్కరించడం తప్ప ఏం చేయగలను?

మేము ఇల్లు ఖాళీ చేసిన రోజు తాళంచెవులు ఇవ్వడానికి నేనే వెళ్లాను. అంతా చెప్పేయాలనుకుని, "టీచర్, అప్పుడు నేను..." అంటూ ఆగిపోయాను. బయట ఆటోలోంచి బాపు పిలుస్తున్నారు. రేపు వస్తానన్నాను. సిగ్గో, భయమో, మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ రోజు నేను గుమ్మం దాటుతుంటే ఆమె వెనక నుంచి అన్నారు.

"రేపంటే రేపే రావాలె బిడ్డా. కేసైపోయింది. ఇగ నువ్వేం తెచ్చినా తీసుకుంట."