మా బాబాయి తాగలేదండి

మొన్న కంట్లో శుక్లం తీయించుకుందామని కాకినాడ వెళితే ముందు రక్తం తీశారు. చీటీలో హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉంది. ఈ వయసులో నా మీద అంత అనుమానం పడేవాళ్ళున్నందుకు లోలోపల కాస్త గర్వపడ్డాను. రక్తం తీసే అమ్మాయి ఆ గర్వం వెంటనే దించేసింది. "అందరికీ చేస్తామండీ తాతగారూ. కామెర్ల వైరస్ కూడా చూస్తాం. అది ఏళ్ళ తరబడి లివర్‌లో కూర్చుంటే కేన్సరవుతుందండి. హెచ్‌ఐవీ కూడా తోడైతే ఇంకా తొందరగానండి." ఎంత తేలిగ్గా చెప్పేసిందో! ఎనభైల్లో యానాంలో మా ఇంటికి ఆ ముక్క ఎంత కరువైందో ఆ పిల్లకేం తెలుసు.

బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు, కనకాలపేట వెళ్ళే దారిలో గోళీసోడా కొట్టు నడిపేవాడు. యానాంలో మందు చవక గనక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా అక్కడే తేలేవారు. బాబాయి కొట్టేది సోడా, వాళ్ళు కొట్టేది వేరు. ఆయన చుక్క ముట్టి ఎరగడు. వాసన మాత్రం చొక్కాకి పట్టేది. పిన్ని సాయంత్రం గడపలోనే ఆపి "ఏదీ, ఊదండి" అనేది. ఆయన సోడా మూత తీసినట్టు బుస్సుమని ఊదేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు. అప్పటికి అది సరసమే.

తరవాత ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. కాళ్ళూ చేతులూ పుల్లలై పొట్ట ఒక్కటే పెరిగింది. మా ఊళ్ళో పొట్ట ఉబ్బినవాడి జబ్బు డాక్టరు చెప్పనక్కర్లేదు, వీధే చెప్పేస్తుంది. "సోడా అమ్మినోడికి బ్రాందీ పొట్టేంటండి? గ్యాసంటారా?" అన్నాడు ఎదురింటాయన అరుగు మీంచి. అది పిన్ని చెవిన పడింది. "మన పిల్ల తల మీద చెయ్యేసి చెప్పండి, తాగలేదని." బాబాయి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "పిల్ల మీద ఒట్లేంటే? నా మాట చాలదా?" చాలలేదు. ఆనాటి నుంచి పిన్ని ఊదమనడం మానేసింది. కంచం పెట్టి, అవతల గదిలోకి వెళ్ళి కూర్చునేది.

కాకినాడలో పెద్ద డాక్టరు దగ్గరికి వాళ్ళతో నేనూ వెళ్ళాను. పరీక్షలయ్యాక ఆయన కాలేయంలో కేన్సరన్నాడు. "తాగుడేనాండి?" అని అడిగింది పిన్ని, తలెత్తకుండా.

"కాదమ్మా. ఎప్పుడో వచ్చిన కామెర్లు లోపలే ఉండిపోయాయి. సరిగా మరిగించని సూది వల్ల కూడా అంటుకుంటాయి. చుక్క ముట్టనివాళ్ళకీ ఇది వస్తుంది. ఇక మనం చేయగలిగింది లేదు."

బాబాయి ముఖం పెళ్ళిచూపుల్లో నచ్చాడని కబురొచ్చినట్టు వెలిగింది. "ఆ ముక్క ఇంకోసారి చెప్పండి డాక్టరుగారండీ, ఆవిడకి సరిగా వినబడలేదు." డాక్టరు పాపం, చేయగలిగింది లేదన్న ముక్కే మళ్ళీ మెల్లగా చెప్పాడు. "అది కాదండీ," అన్నాడు బాబాయి, "దాని ముందుది." పిన్ని అక్కడే, అందరి ముందూ, ఆయన వాచిన కాళ్ళు ఒళ్ళోకి తీసుకుంది.

వానలు మొదలయ్యేలోగా పోయాడు. పెద్దకార్యం భోజనాలనాడు, లోపల మూల కూర్చోవలసిన మనిషి, ఎవరు లాగినా ఆగకుండా బంతుల మధ్యకి వచ్చింది. విస్తరి విస్తరి ముందూ వంగి, "మా ఆయన తాగలేదండి. పాత కామెర్లండి. డాక్టరుగారే చెప్పారండి" అంటూ పోయింది. "ఆయ్, అలాగేనమ్మా" అని తలలు దించుకున్నారు. ఎదురింటాయన "మాకు తెలీదేంటమ్మా" అని, పప్పు ఇటు తెమ్మని కేకేశాడు. ఆయన తలెత్తి చూస్తాడేమోనని పిన్ని అక్కడే నిలబడింది. ఆయన తలెత్తలేదు.

ఇన్నేళ్ళలో నమ్మవలసినవాళ్ళూ, నమ్మించడానికి తిరిగినావిడా అందరూ వెళ్ళిపోయారు. కాలం అబద్ధమాడదంటారు, నిజమే గాని, అడిగినవాళ్ళు ఉన్నప్పుడు మాత్రం నోరు విప్పదు.